700డిలో రా వీడియో: లెక్కంతా కార్డు వేగం దగ్గరే

పాత కానన్ 700డి బీరువాలో పడి ఉన్నవాళ్ల కోసం, సెకండ్ హ్యాండ్‌లో ఒకటి తీసుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఈ పోస్టు. మ్యాజిక్ లాంటర్న్ అనే ప్రోగ్రామ్ వేస్తే ఈ కెమెరా రా వీడియో, అంటే సెన్సార్ ఇచ్చిన డేటాను ఉన్నదున్నట్టు దాచే వీడియో, తీస్తుందని చాలామంది వినే ఉంటారు. వేసి చూసినవాళ్లూ తక్కువేం కాదు. రికార్డు బటన్ నొక్కుతారు, నాలుగు సెకన్లకే ఆగిపోతుంది. మళ్లీ నొక్కుతారు, మళ్లీ ఆగిపోతుంది. కెమెరా పాతది కదా, దీనివల్ల కాదులే అని పక్కన పెట్టేస్తారు. నిజానికి అక్కడ తప్పు కెమెరాది కాదు. సెకనుకు ఎంత డేటా పుడుతోంది, కార్డు ఎంత మింగగలదు అనే గుణకారం వేయకుండా మొదలుపెట్టడమే తప్పు.

ముందు ఈ మ్యాజిక్ లాంటర్న్ ఏమిటో రెండు ముక్కల్లో. 2009లో ట్రామెల్ హడ్సన్ కానన్ 5డి మార్క్ 2 కెమెరా కోసం మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది. మొదట్లో ఆడియో లెవెల్స్, జీబ్రాల (వెలుగు మితిమీరిన చోట తెర మీద పడే చారల) వంటి సౌకర్యాల కోసమే. 2013 మేలో 5డి మార్క్ 3 మీద 14 బిట్ రా వీడియో నిరంతరాయంగా రాయించగలిగాక దాని పేరు ఊరంతా పాకింది. దీన్ని మార్చిన ఫర్మ్‌వేర్ అని పిలవడం అలవాటైపోయింది గానీ, కానన్ ఫర్మ్‌వేర్ చెక్కు చెదరదు. కెమెరా లోపల బూట్‌ఫ్లాగ్ అనే ఒక గుర్తు ఒకసారి మారుతుంది, అంతే. అప్పటినుంచి కెమెరా ఆన్ అయినప్పుడల్లా కార్డులో ఆటోఎగ్జెక్.బిన్ అనే ఫైలు ఉందేమో చూసి, ఉంటే దాన్ని నడుపుతుంది. ప్రోగ్రామ్ ఉండేది కార్డులో. మామూలు కార్డు పెడితే మామూలు 700డి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే తర్వాత వచ్చే సగం తలనొప్పులు ఎందుకొస్తున్నాయో అర్థమవుతుంది. కానన్ దీనికి ఏ మద్దతూ ఇవ్వదు, ఏదైనా అయితే బాధ్యత మనదే.

ఇక లెక్క. ఫ్రేము వెడల్పును ఎత్తుతో గుణించి, బిట్లతో గుణించి, 8తో భాగిస్తే ఒక ఫ్రేము ఎన్ని బైట్లో వస్తుంది. దాన్ని సెకనుకు ఎన్ని ఫ్రేములో దాంతో గుణిస్తే కార్డు మీద పడే భారం తెలుస్తుంది.

700డి సెన్సార్ వెడల్పు 5184 పిక్సెళ్లు. వీడియోలో మూడింటికి ఒకటి చొప్పున ఇస్తుంది కాబట్టి చేతికొచ్చేది 1728. అందుకే సెన్సార్ మొత్తం వాడినప్పుడు ఈ కెమెరాలో నిజమైన 1920 రాదు. మామూలు వీడియోలో కనిపించే 1920 కెమెరా సాగదీసి ఇచ్చినదే. 5డి మార్క్ 3 వెడల్పు 5760, దాన్ని 3తో భాగిస్తే సరిగ్గా 1920. ఆ కెమెరాకు రా ప్రపంచంలో అంత గిరాకీ ఉండటానికి ఈ భాగహారం ఒక కారణం, దాని సీఎఫ్ (కాంపాక్ట్‌ఫ్లాష్) కార్డు వేగం ఇంకో కారణం.

700డిలో 1728 × 972 ఫ్రేము, 14 బిట్, సెకనుకు 25 ఫ్రేములు అనుకోండి. 73.5 ఎంబీ. కానీ ఈ కెమెరా ఎస్‌డీ కంట్రోలర్ మామూలుగా రాయగలిగేది సెకనుకు 40 ఎంబీకి అటూ ఇటూ. మిగతా 33 ఎంబీ మెమరీలో పేరుకుంటుంది. ఆ మెమరీ, అంటే బఫర్, 120 ఎంబీ అనుకుంటే నాలుగు సెకన్లకు నిండిపోతుంది. మొదట చెప్పిన ఆ నాలుగు సెకన్లు ఇవే. పదివేలు పెట్టి కార్డు కొన్నా ఇది మారదు, ఎందుకంటే ఇరుకు కార్డులో లేదు, కెమెరాలో ఉంది. కార్డు మీద పెద్ద అక్షరాలతో ఉండే 170 చదివే వేగం, మనకు కావలసింది రాసే వేగం. వీ30 గుర్తు సెకనుకు 30 ఎంబీ తగ్గకుండా రాస్తుందని మాత్రమే హామీ ఇస్తుంది, 40కి కాదు. నకిలీ కార్డులు బజారులో బోలెడు. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ప్రోగ్రామ్‌తో కార్డు నిండా రాసి, తిరిగి చదివించి చూడండి. ఆ తర్వాత కెమెరాలో మ్యాజిక్ లాంటర్న్‌కు ఉన్న బెంచ్ మాడ్యూల్ (విడిగా ఆన్ చేసుకునే చిన్న ప్రోగ్రామ్) ఆన్ చేసి, దాని మెనూలో డీబగ్ ట్యాబ్‌లో కార్డు బెంచ్‌మార్క్ నడపండి. అక్కడ వచ్చే అంకెలో పదో వంతు తగ్గించుకుని, దాన్నే మీ పరిమితిగా పెట్టుకోండి.

40 ఎంబీలో ఇమడాలంటే మూడు చోట్ల తగ్గించవచ్చు: ఫ్రేము ఎత్తు, బిట్లు, కుదింపు. 1728 × 736 అంటే సినిమాస్కోప్ కొలత. 14 బిట్‌లో 25 ఫ్రేములకు 55.6 ఎంబీ. 12 బిట్‌లో 47.7. 10 బిట్‌లో 39.7, అంటే కొండ అంచున నిలబడ్డట్టే. అదే 1600 × 680కి దిగితే 10 బిట్‌లో 34 ఎంబీ, హాయిగా కార్డు నిండేదాకా నడుస్తుంది.

బిట్లు తగ్గిస్తే నాణ్యత పోదా అని అడుగుతారు. 14 బిట్ అంటే వెలుగులో 16,384 మెట్లు. కానీ ఈ సెన్సార్ నాయిస్ ఎక్కువ, అడుగు రెండు బిట్లలో ఉండేది బొమ్మ కన్నా ఇసుకే. 12 బిట్‌కీ 14 బిట్‌కీ తేడా వెతికినా దొరకడం కష్టం. 10 బిట్‌లో మాత్రం బాగా చీకటిగా ఉన్న భాగాలను తర్వాత పైకి లాగితే ఆకుపచ్చగానో గులాబీగానో మరకలు తేలతాయి. ఎక్స్‌పోజర్ సరిగ్గా పెట్టుకుంటే అదీ పెద్ద సమస్య కాదు. కానన్ మామూలు వీడియో 8 బిట్, అంటే 256 మెట్లు. అదీ నిమిషానికి సుమారు 330 ఎంబీకి నలిపేసినది. దాంతో పోల్చుకుంటే 10 బిట్ రా కూడా వేరే లోకం.

అన్నిటికన్నా మంచి దారి లాస్‌లెస్ కుదింపు. మ్యాజిక్ లాంటర్న్ ప్రయోగ బిల్డ్‌లలో (ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్లలో) ఉంటుంది. కానన్ సీఆర్2 (రా) ఫోటోలు కుదించడానికి కెమెరాలో ఉన్న హార్డ్‌వేర్‌నే దీనికి వాడుకున్నారు. ఒక్క బిట్ కూడా పోకుండా ఫైలు సుమారు 60 శాతానికి దిగుతుంది. 1728 × 736 అప్పుడు 14 బిట్‌లోనే 33 ఎంబీ దగ్గర తిరుగుతుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. కుదింపు ఎంత అవుతుందనేది బొమ్మను బట్టి మారుతుంది. నున్నని గోడ, ఖాళీ ఆకాశం బాగా కుదించుకుపోతాయి. వేపచెట్టు నిండా ఆకులు, గడ్డి, ఇసుక అంతగా కుదించుకుపోవు. నాయిస్ అసలే కుదించుకుపోదు. పగలు ఐఎస్ఓ 100లో అరగంట నడిచిన సెట్టింగే, రాత్రి పెళ్లి మండపంలో ఐఎస్ఓ 1600లో పది సెకన్లకు ఆగిపోతే కెమెరాను తిట్టుకోకండి. రాత్రి షూటింగు ఉంటే ముందే 12 బిట్ లాస్‌లెస్‌కి దిగండి, లేదా ఎత్తు ఒక మెట్టు తగ్గించండి.

ఇదే లెక్కతో ఏ కెమెరా కొనాలో కూడా తేలిపోతుంది. 550డి, 600డి, 60డిల ఎస్‌డీ వేగం 20 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. 960 × 540కి అటూ ఇటూ తప్ప నిరంతరంగా రాయలేవు. రా కోసమని 600డి కొనవద్దు. 650డి, 700డి, 100డి, ఈఓఎస్ ఎం ఒకే కుదురు, 40 ఎంబీ జాతి. 5డి మార్క్ 3లో యూడీఎంఏ 7 వేగపు తరగతి సీఎఫ్ కార్డుతో సెకనుకు 90 ఎంబీ దాకా వస్తుంది. 1920 × 1080, 14 బిట్, 24 ఫ్రేములకు కావలసింది 87. అందులోనే ఉన్న ఎస్‌డీ స్లాటు నెమ్మది, రా అంతా సీఎఫ్‌లోకే పంపాలి. సీఎఫ్ కార్డు పెట్టేటప్పుడు నిటారుగా, బలం లేకుండా పెట్టండి. లోపలి సూదులు వంగితే రిపేరు ఖర్చు మామూలుగా ఉండదు.

ఎక్కించడం సంగతికి వద్దాం. ముందు కెమెరా ఫర్మ్‌వేర్ వెర్షన్ చూసుకోండి. డయల్ ఎం మీద పెట్టి, పసుపు రెంచి గుర్తున్న మెనూల్లో ఆఖరిదానికి వెళ్తే కనిపిస్తుంది. మ్యాజిక్ లాంటర్న్ బిల్డ్ పేరులోనే ఏ వెర్షన్‌కో రాసి ఉంటుంది: 700డి.115 అంటే 1.1.5కి మాత్రమే. మీ కెమెరాలో వేరేది ఉంటే ముందు కానన్ ఫర్మ్‌వేర్‌ను ఆ వెర్షన్‌కి తెచ్చుకోవాలి. బలవంతంగా వేసే ప్రయత్నం చేయవద్దు.

బ్యాటరీ నిండా ఛార్జి చేయండి. కార్డును కంప్యూటర్‌లో కాదు, కెమెరాలోనే, లో లెవెల్ ఫార్మాట్ చేయండి. జిప్ విప్పి, అందులో ఉన్నవన్నీ కార్డు మొదటి అంతస్తులోనే వేయండి. ఎంఎల్ ఫోల్డరు, ఆటోఎగ్జెక్.బిన్, ఎఫ్ఐఆర్ ఫైలు కార్డు తెరవగానే కనిపించాలి. జిప్ పేరుతో ఒక ఫోల్డరు వచ్చి, ఇవన్నీ దాని కడుపులో ఉండిపోతే కెమెరాకు ఏమీ కనిపించదు. ఎం మోడ్‌లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఎంచుకుంటే తెర మీద మ్యాజిక్ లాంటర్న్ ఇన్‌స్టాలర్ వస్తుంది. పని అయ్యాక ఆఫ్ చేసి ఆన్ చేయమంటుంది. అది చెప్పేదాకా ఏ బటనూ ముట్టుకోకూడదు. ఆ తర్వాత చెత్తబుట్ట బటన్ నొక్కితే దాని మెనూ తెరుచుకుంటుంది.

మొదట్లో చెప్పిన తలనొప్పి ఇది. కార్డు మీద కూడా బూట్ గుర్తు ఉంటుంది. కంప్యూటర్‌లో ఫైళ్లన్నీ తుడిచేసినా ఆ గుర్తు పోదు. ఆ కార్డు కెమెరాలో పెడితే కెమెరా ఆటోఎగ్జెక్.బిన్ కోసం వెతికి, దొరక్క, అక్కడే బిగుసుకుపోతుంది. తెర వెలగదు, బటన్లు పలకవు, బ్యాటరీ మాత్రం తరిగిపోతుంది. కెమెరా చచ్చిపోయిందని సర్వీసు సెంటరుకు పరుగెత్తేది ఇలాంటప్పుడే. బ్యాటరీ తీసి, వేరే కార్డు పెడితే లేచి కూర్చుంటుంది. పాత కార్డులో మళ్లీ మ్యాజిక్ లాంటర్న్ ఫైళ్లు వేస్తే అదీ పనిచేస్తుంది. ఫార్మాట్ ఎప్పుడూ కెమెరాలోనే చేయండి, మ్యాజిక్ లాంటర్న్ నడుస్తుంటే తన ఫైళ్లను ఉంచుకుని మిగతావి తుడిచే వీలు అదే చూపిస్తుంది. ఇంకోటి: కార్డు తలుపు తెరిచాక వెంటనే కార్డు లాగేయకండి. అయిదు సెకన్లు ఆగండి. ప్రోగ్రామ్ నడుస్తున్నది ఆ కార్డు నుంచేనని మరిచిపోవద్దు. ఏదైనా గందరగోళమైతే సెట్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేయండి, మ్యాజిక్ లాంటర్న్ లేకుండా మామూలు కెమెరా తెరుచుకుంటుంది.

మాడ్యూల్స్ ట్యాబ్‌లో ఎంఎల్‌వీ_లైట్ (రా రికార్డింగుకు), ఎంఎల్‌వీ_ప్లే (తీసింది చూసుకోవడానికి), ఫైల్_మ్యాన్ (ఫైళ్లు చూసుకోవడానికి) ఆన్ చేసి, కెమెరా ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. మాడ్యూళ్లు ఆన్ అయ్యేటప్పుడే లోడ్ అవుతాయి కాబట్టి ఇది తప్పదు. కనబడిన మాడ్యూల్ అల్లా ఆన్ చేయకండి, ప్రతిదీ కొంత మెమరీ తింటుంది, ఆ మెమరీయే మన బఫర్. పవర్ స్విచ్ మూవీ గుర్తు మీద పెట్టి, మూవీ ట్యాబ్‌లో రా వీడియో ఆన్ చేసి, దాని ఉపమెనూలో రిజల్యూషన్, ఆస్పెక్ట్ రేషియో, డేటా ఫార్మాట్ పెట్టుకోండి. ఎంచుకున్న కొలతకు సెకనుకు ఎన్ని ఎంబీ కావాలో కింద గీతలో అదే చూపిస్తుంది. కాగితం మీద వేసిన లెక్క దీంతో సరిచూసుకోవచ్చు. గ్లోబల్ డ్రా రికార్డింగ్ సమయంలో ఆగిపోయేలా పెట్టండి. తెర మీద హిస్టోగ్రామ్, జీబ్రాలు గీయడం కూడా మెమరీ దారిని వాడుకుంటుంది, ఒక్కోసారి సగం గులాబీగా విరిగిపోయిన ఫ్రేములు రావడానికి ఇదే కారణం. స్మాల్ హ్యాక్స్ ఆన్ చేస్తే రికార్డింగ్ సాగినంతసేపు కానన్ తన ఆటో లెక్కలు ఆపేసి కాస్త ఊపిరి ఇస్తుంది. అప్పుడు షాట్ మధ్యలో ఎక్స్‌పోజర్ మార్చలేరు, అది గుర్తుంచుకోండి.

కానన్ మెనూలో హైలైట్ టోన్ ప్రయారిటీ ఆఫ్. పిక్చర్ స్టైల్, వైట్ బ్యాలెన్స్ ఏవి పెట్టినా రాలోకి ఎక్కవు, అవి తెర మీద మనం చూసుకోవడానికే. అయినా ఒక స్టైల్ ఖాయం చేసుకుంటే కంటికి అలవాటవుతుంది. ఐఎస్ఓ 100, 200, 400, 800 మెట్లే వాడండి. మధ్యవి లెక్కతో తయారు చేసినవి, రాలో వాటివల్ల లాభం లేదు.

మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైటు, చవకరకం ఎల్ఈడీ సెకనుకు వంద సార్లు మినుకుతాయి. షట్టర్ 1/50 పెడితే ఒక్కో ఫ్రేములో సరిగ్గా రెండు మినుకులు పడతాయి, వెలుగు నిలకడగా ఉంటుంది. ఇది 25 ఫ్రేములకే కాదు, 24కి కూడా వర్తిస్తుంది. కాబట్టి 24లో తీసేవాళ్లు 180 డిగ్రీల నియమం (షట్టర్ సమయం ఒక ఫ్రేము సమయంలో సగం ఉండాలనేది) కోసం 1/48 వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు. కానన్ మెనూలో వీడియో సిస్టం పాల్ పెట్టుకుంటే 25 సూటిగా వస్తుంది. అమెరికాలో ఉండేవాళ్లకు కరెంటు 60 హెర్ట్జ్, అక్కడ 1/60 వాడాలి. అక్కడ కొన్న కెమెరాను ఇక్కడికి తెచ్చి పెళ్లి తీస్తే నల్లపట్టీలు తెర మీద పాకేది సాధారణంగా ఈ ఒక్క సెట్టింగు మరిచిపోవడం వల్లే.

ఎక్స్‌పోజర్ విషయంలో నమ్మదగింది ఒక్కటే, రా హిస్టోగ్రామ్. తెర మీద బొమ్మ చూసి అంచనా వేయవద్దు. రా జీబ్రాలు ఆన్ చేసి, ముఖం మీదో తెల్లచొక్కా మీదో గీతలు పడేదాకా వెలుగు పెంచి, అక్కడి నుంచి అర స్టాప్ వెనక్కి రండి. బల్బులు, సూర్యుడు, ఇత్తడి మీద మెరుపు పోయినా పోనివ్వండి. 700డి చీకట్లలో బలహీనం, అందుకని కాస్త వెలుగు ఎక్కువగా తీసి తర్వాత కిందికి దించుకోవడమే దీని స్వభావానికి సరిపడే పద్ధతి. డ్యుయల్ ఐఎస్ఓ అనే మాడ్యూల్ ఒకటి ఉంది, వరుసలను రెండు ఐఎస్ఓలలో చదివి చీకటినీ వెలుగునూ రెంటినీ పడుతుంది. ఫోటోలకు బ్రహ్మాండం. వీడియోలో అసలే తక్కువైన నిలువు వివరాన్ని ఇంకా తెంపేస్తుంది, మోయిరే (సన్నని గీతల మీద తేలే రంగు అలలు) పెంచుతుంది. నేనైతే వద్దంటాను.

మోయిరే అనగానే అసలు బలహీనత దగ్గరికి వచ్చాం. 5డి మార్క్ 3 మూడు వరుసలను కలిపి ఒకటిగా చేస్తుంది. 700డి మూడింటిలో ఒక వరుస చదివి రెండు వదిలేస్తుంది. సన్నని గీతలు వరుసగా ఉన్నచోట ఆ వదిలేసిన వరుసలు పగబట్టినట్టు రంగురంగుల అలలుగా తేలతాయి. పెంకుటిల్లు కప్పు, కిటికీ దోమతెర, గద్వాల చీర గళ్లు, జరీ అంచు, పోచంపల్లి చౌకళ్లు అన్నీ ప్రమాదమే. రా కదా, తర్వాత సరిచేసుకుందాం అనుకోకండి, సెన్సార్ దగ్గరే పోయిన వివరం తిరిగి రాదు. చీర కట్టుకున్న మనిషిని తీస్తుంటే ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగి అలలు ఎక్కడ తగ్గుతున్నాయో చూడండి. ఎఫ్ 2.8 లోపు తెరిచి వెనక గోడను, కప్పును ఫోకస్ బయటకు నెట్టండి. ఫోకస్ కంటి మీద ఉంటే చీర అంచు దానంతటదే మెత్తబడుతుంది.

ఇంకో మార్గం 5 రెట్ల జూమ్ మోడ్. లైవ్ వ్యూలో భూతద్దం బటన్ నొక్కితే సెన్సార్ మధ్య భాగాన్ని ఒక్క వరుసా వదలకుండా చదువుతుంది. మోయిరే దాదాపు ఉండదు, వివరం అద్భుతం, 1920 వెడల్పూ నిజంగానే వస్తుంది. దానికి చెల్లించే మూల్యం కోణం. 1920 అంటే సెన్సార్ వెడల్పులో 2.7వ వంతు, దాన్ని 1.6 క్రాప్‌తో (ఫుల్ ఫ్రేము కన్నా ఈ సెన్సార్ ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే అంకెతో) గుణిస్తే 4.3. 18 ఎంఎం లెన్సు ఫుల్ ఫ్రేములో 78 ఎంఎం లాగా చూస్తుంది. గదిలో పనికిరాదు. పక్షులకు, దూరంగా ఉన్న గోపురం మీది బొమ్మలకు, వంటల క్లోజప్‌లకు బంగారం. తెర మీద కూర్పు సరిగ్గా కనిపించదు కాబట్టి ప్రివ్యూను ఫ్రేమింగ్‌కి మార్చుకోవాలి. అది నత్తనడకన కదులుతుంది. ట్రైపాడ్ మీద సరే, చేత్తో పట్టుకుని మనిషి వెంట నడవడం కుదరదు.

స్లో మోషన్ కోసం 720లో 50 ఫ్రేములు పెట్టేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఆ మోడ్‌లో నిలువుగా అయిదింటికి ఒక వరుసే చదువుతుంది, అందుకని బొమ్మ అణిగినట్టు వస్తుంది. తర్వాత ఎత్తును 1.67 రెట్లు సాగదీయాలి. క్రాప్_రెక్ మాడ్యూల్‌లో 3×3 ఎంపిక ఉంది, అది పెడితే సాగదీసే పని ఉండదు. ఏదైనా 50 ఫ్రేములంటే భారం రెట్టింపు. కొన్ని సెకన్ల షాట్లుగా తీసుకోవాలే తప్ప నిరంతరం ఆశించవద్దు.

40 ఎంబీ గోడను దూకించే ఎస్‌డీ_యూహెచ్ఎస్ అనే మాడ్యూల్ గురించి అడగబోతారు. అది కార్డు గడియారాన్ని (క్లాక్ వేగాన్ని) 160 మెగాహెర్ట్జ్, ఆపైకి తోస్తుంది. నాలుగు తీగల మీద 160 అంటే సిద్ధాంతం ప్రకారం సెకనుకు 80 ఎంబీ, చేతికొచ్చేది 60 దాటుతుంది. అప్పుడు 1728 × 972 లాస్‌లెస్ నిశ్చింతగా నడుస్తుంది. కానీ ఇది కార్డు స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఒకే కంపెనీ, ఒకే పేరున్న రెండు కార్డుల్లో ఒకటి ఒప్పుకుని ఇంకోటి మొరాయించవచ్చు. మొరాయిస్తే ఆ షాటే కాదు, కార్డులో ఉన్న మిగతావి కూడా పాడయ్యే ప్రమాదముంది. ఖాళీ కార్డు మీద, 160తో మొదలుపెట్టి, కార్డు నిండేదాకా మూడు నాలుగు సార్లు రాయించి, అన్ని ఫైళ్లూ కంప్యూటర్‌లో తెరిచి చూశాకే నమ్మండి. డబ్బులు తీసుకుని చేసే షూట్‌లో, మళ్లీ జరగని వేడుకలో వాడకండి.

కార్డు 64 జీబీది అయితే సెకనుకు 36 ఎంబీ చొప్పున అరగంటకు కాస్త తక్కువ. 32 జీబీ, అంతకన్నా చిన్న కార్డులు ఫ్యాట్32లో ఉంటాయి, 4 జీబీ దాటగానే ఫైలు ముక్కలవుతుంది: ఎంఎల్‌వీ, తర్వాత ఎం00, ఎం01. కాపీ చేసేటప్పుడు ఈ ముక్కలన్నీ ఒకే ఫోల్డరులో, పేర్లు మార్చకుండా ఉంచాలి. ఎం00 ఏదో పనికిమాలిన ఫైలని తుడిచేస్తే షాటులో సగం పోయినట్టే. 64 జీబీ, ఆపై కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటాయి కాబట్టి ఈ గొడవ లేదు. ఎల్‌పీ-ఈ8 బ్యాటరీ 1120 ఎంఏహెచ్, లైవ్ వ్యూ, రా రెండూ కలిసి దాన్ని త్వరగా పిండేస్తాయి. మూడు బ్యాటరీలు లేకుండా బయలుదేరకండి. మే నెల ఎండలో కెమెరా ఒళ్లు కాలిపోతుంటే షాట్‌కీ షాట్‌కీ మధ్య లైవ్ వ్యూ ఆపండి. సెన్సార్ వేడెక్కితే నాయిస్ పెరుగుతుంది, నాయిస్ పెరిగితే లాస్‌లెస్ ఫైలు ఉబ్బుతుంది, తర్వాతేమవుతుందో తెలిసిందే. ధ్వనికి విడిగా రికార్డరు పెట్టి, ప్రతి షాటు మొదట్లో చప్పట్లు కొట్టించండి. ఎంఎల్‌వీ_స్నడ్ మాడ్యూల్ ఉంది గానీ, అదీ కార్డు వేగంలో వాటా అడుగుతుంది.

ఇంటికొచ్చాక ఈ ఎంఎల్‌వీ ఫైళ్లను తెరిచే ఎంఎల్‌వీ యాప్. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. 700డి ఫుటేజీ తెరవగానే బొమ్మ మధ్యలో గులాబీ చుక్కల వరుసలు కనిపిస్తే కంగారు పడవద్దు. ఈ కెమెరా సెన్సార్ మీదే ఆటోఫోకస్ కోసం కేటాయించిన పిక్సెళ్లు ఉన్నాయి, అవి రంగు సరిగ్గా ఇవ్వవు. కానన్ మామూలు వీడియోలో వాటిని దాచేస్తుంది, రాలో దాచేవాళ్లు ఉండరు. 650డి, 100డి, ఈఓఎస్ ఎంలదీ ఇదే కథ, 550డి, 600డిలకు ఈ బాధ లేదు. రా కరెక్షన్ భాగంలో ఫోకస్ పిక్సెల్ ఎంపిక ఆన్ చేసి, మీ కెమెరా మ్యాప్ ఫైలు దించుకుని యాప్ కిటికీలో వదలండి. సెన్సార్ మోడ్‌కి ఒక మ్యాప్ ఉంటుంది. 1080కి పోయిన చుక్కలు 5 రెట్ల జూమ్‌లో మళ్లీ ప్రత్యక్షమైతే ఆ మోడ్ మ్యాప్ లేదని అర్థం.

ఆకాశంలోనో తెల్లగోడ మీదో సన్నని నిలువు చారలు కనిపిస్తే వర్టికల్ స్ట్రైప్స్ ఆన్ చేయండి. సెన్సార్ నిలువు వరుసలను పెంచే ఆంప్లిఫయర్ల మధ్య ఇసుమంత తేడా వల్ల వచ్చేవి అవి. బల్బు చుట్టూ తెలుపు గులాబీగా మారితే కారణం వేరు. సెన్సార్‌లో ముందు పచ్చ నిండిపోతుంది, ఆ తర్వాత వైట్ బ్యాలెన్స్ ఎరుపును, నీలాన్ని ఇంకా పెంచుతుంది, రెండూ కలిసి గులాబీ. హైలైట్ రీకన్‌స్ట్రక్షన్ ఆన్ చేసి చూడండి, కుదరకపోతే వైట్ లెవెల్ కొంచెం కిందికి దించండి. చీకటి షాట్లలో కదలని నాయిస్ ఉంటే డార్క్ ఫ్రేము పనిచేస్తుంది. లెన్సుకు మూత పెట్టి, అదే ఐఎస్ఓ, అదే షట్టర్, అదే కొలతలో కొన్ని సెకన్లు తీసి, దాన్ని యాప్‌కి చూపిస్తే తీసివేసుకుంటుంది. షాటు అయిన వెంటనే, కెమెరా అదే వేడిలో ఉండగా తీస్తేనే ఫలితం.

డీబేయర్‌కి (సెన్సార్ డేటాను రంగుల బొమ్మగా మార్చే పనికి) అమేజ్ పెట్టుకోండి, నెమ్మదైనా అంచులు శుభ్రంగా వస్తాయి. ఎగుమతికి రెండు దారులు. డావించీ రిజాల్వ్‌లో రంగులు దిద్దేవాళ్లు సినిమా డీఎన్‌జీ లాస్‌లెస్ తీసుకుంటే రా రాగానే ఉంటుంది, కానీ ఫ్రేముకో ఫైలు, హార్డ్ డిస్కులో వేలకొద్దీ. ల్యాప్‌టాప్ పాతదైతే ఎంఎల్‌వీ యాప్‌లోనే వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ సరిచేసి, లాగ్ టోన్‌తో (తర్వాత రంగు దిద్దుకోవడానికి వీలుగా ఉండే చప్పని బొమ్మగా) ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే ఎడిటింగ్ ఫార్మాట్‌లోకి చేసుకోండి. 1080లో 25 ఫ్రేములకు అది సెకనుకు 184 మెగాబిట్లు, అంటే 23 ఎంబీ. రంగు దిద్దడంలో తేడా కంటికి ఆనదు, ఎడిటింగ్ మాత్రం వెన్నలా సాగుతుంది. ఒక షాటుకు చేసిన సెట్టింగులు కాపీ చేసి, అదే వెలుగులో తీసిన మిగతా షాట్లకు అతికించుకోవచ్చు. దాచుకోవడానికి మూల ఎంఎల్‌వీ ఫైళ్లు ఉంచండి, డీఎన్‌జీలు ఎప్పుడైనా మళ్లీ తీసుకోవచ్చు. పది నిమిషాల ఫుటేజీ 22 జీబీ దగ్గర ఉంటుంది. రెండు డిస్కుల్లోకి వెళ్లి, రెండుచోట్లా ఫైళ్లు తెరుచుకున్నాయని చూశాకే కార్డు ఫార్మాట్.

కెమెరా అమ్మేటప్పుడు, ఎవరికైనా ఇచ్చేటప్పుడు బూట్‌ఫ్లాగ్ తీసేసి ఇవ్వండి. మ్యాజిక్ లాంటర్న్ ఉన్న కార్డుతోనే మళ్లీ ఎం మోడ్‌లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ నడిపి, తెర మీద చెప్పినట్టు చేస్తే అది పోతుంది. కార్డు కూడా కలిపి ఇస్తుంటే, ఆ పని అయ్యాక దాన్ని కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, మ్యాజిక్ లాంటర్న్‌ను ఉంచే ఎంపిక ఎంచుకోకుండా.